మేజిక్ సంఖ్యల మర్మం విప్పిన మరియా

2, 8, 20, 28, 50, 82, 126.

ఈ వరుసలో తరువాత రావలసిన సంఖ్య ఏమిటో చెప్పగలరా? కూడి చూడండి, తీసివేసి చూడండి, హెచ్చవేసి చూడండి. ఏ సూత్రానికీ లొంగటం లేదు కదూ? చిన్నబుచ్చుకోకండి. 1949 దాకా ఇది మేటి భౌతికశాస్త్రజ్ఞులకే లొంగలేదు.

ఇవి ఎవరో లెక్కల మాస్టారు పరీక్ష కోసం అల్లిన సంఖ్యలు కావు. ప్రకృతి తానుగా ఎంచుకున్నవి. మీ క్లాసులో సుద్దముక్క ఉంది. దానిలో కాల్షియం ఉంది. కాల్షియం పరమాణువు కేంద్రకంలో ఉండే ప్రోటానులు 20. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు పూసేది తగరం. దాని కేంద్రకంలో 50 ప్రోటానులు. సీసంలో 82. సీసంలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే రకంలో న్యూట్రానులు సరిగ్గా 126. మీరు పీల్చే ఆక్సిజన్‌లో 8 ప్రోటానులు, 8 న్యూట్రానులు.

ఈ సంఖ్యల దగ్గర కేంద్రకాలు మహా గట్టిగా ఉంటాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఎందుకో చెప్పిన ఆమె పేరు మరియా గెపర్ట్ మేయర్. చెప్పేనాటికి ఆమె వయస్సు 42 ఏళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి. షికాగో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. జీతం ఎంత అంటారా? ఆ విశ్వవిద్యాలయం ఆమెకి ఒక్క డాలరు కూడా ఇవ్వటం లేదు.

ఆ కథ కాస్త వెనకనుంచి చెప్పుకోవాలి.

ఏడో తరం

మరియా 1906 జూన్ 28న కాటోవిట్స్ అనే ఊళ్ళో పుట్టింది. అప్పుడా ఊరు జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది. ఆమెకి నాలుగేళ్ళప్పుడు తండ్రికి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యం బోధించే ఆచార్య పదవి వచ్చింది. కుటుంబం అక్కడికి మారింది. వాళ్ళ వంశంలో తండ్రితో కలిపి వరుసగా ఆరు తరాలవాళ్ళు ప్రొఫెసర్లే! ఏడో తరంలో ఉన్నది ఈ ఒక్క ఆడపిల్ల. చదువూ వ్యాపకమూ లేని ఉత్త గృహిణిగా మిగిలిపోవద్దని తండ్రి ఆమెకి చిన్నప్పుడే చెప్పేవాడు. ఆ రోజుల్లో కూతురితో ఇలా చెప్పే తండ్రులు ఎక్కువమంది లేరు.

గొట్టింగెన్ చిన్న ఊరే. కాని ఆ రోజుల్లో గణితానికీ భౌతికశాస్త్రానికీ అది కాశీ క్షేత్రం లాంటిది. మరియా వాళ్ళ పొరుగింటాయన ఎవరో తెలుసా? డేవిడ్ హిల్బర్ట్, ఆ తరంలో గణితానికి పెద్ద దిక్కు. ఇలాంటి చోట పెరిగినా ఆడపిల్లకి విశ్వవిద్యాలయ ప్రవేశం సులువు కాలేదు. అమ్మాయిలని ప్రవేశపరీక్షకి తయారుచేసే బడి ఊరంతటికీ ఒక్కటే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో డబ్బుకి విలువ లేకుండా పోయింది. బడి మూతపడింది. చదువు ఇంకా ఒక ఏడాది మిగిలే ఉంది. మరియా ఆగలేదు. ఆ ఏడాది చదువు లేకుండానే హానోవర్ వెళ్ళి పరీక్ష రాసి గట్టెక్కింది. 1924లో విశ్వవిద్యాలయంలో చేరింది.

చేరింది గణితం కోసం. కాని ఆ మరుసటి ఏడాదే ఆ ఊళ్ళోనే క్వాంటమ్ యాంత్రికశాస్త్రం పుట్టింది. మాక్స్ బోర్న్, అతని శిష్యుడు హైజెన్‌బర్గ్ కలిసి పరమాణువు లోపలి లెక్కలని కొత్తగా రాస్తున్నారు. ఆ వేడి మరియాకీ తగిలింది. గణితంలోనూ చిక్కుముడులు విప్పటమే, భౌతికశాస్త్రంలోనూ చిక్కుముడులు విప్పటమే; అయితే అక్కడ ముడివేసింది మనిషి, ఇక్కడ ప్రకృతి. ఆమె ప్రకృతి పక్షానికి వచ్చేసింది. బోర్న్ దగ్గర శిష్యురాలయింది.

1927లో తండ్రి చనిపోయాడు. ఆ ఊళ్ళో చాలామంది చేసినట్టే తల్లి ఇంట్లో గదులు విద్యార్థులకి అద్దెకిచ్చింది. అలా అద్దెకి వచ్చినవాడే జోసెఫ్ మేయర్ అనే అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు. 1930 జనవరిలో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. అదే ఏడు మరియా డాక్టరేటు పూర్తిచేసింది. పరీక్షించినవాళ్ళు ముగ్గురు: బోర్న్, ఫ్రాంక్, విండౌస్. ఇద్దరికి అప్పటికే నోబెల్ బహుమానం వచ్చింది. బోర్న్‌కి తరువాత 1954లో వచ్చింది.

ఆ సిద్ధాంతవ్యాసం గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి పోలేను. పరమాణువులో ఎలక్ట్రాను పై మెట్టుకి ఎక్కాలంటే తగినంత శక్తి ఉన్న ఒక కాంతికణాన్ని మింగాలి. శక్తి చాలకపోతే ఎక్కలేదు. సరే, సగం సగం శక్తి ఉన్న రెండు కాంతికణాలని ఒక్క గుక్కలో మింగితే? ఎక్కగలదు అంది మరియా, ఎంత అరుదుగా జరుగుతుందో లెక్క కట్టి చూపించింది. రెండు కణాలు ఒకే క్షణంలో ఒకే చోటికి రావాలంటే కాంతి మహా తీవ్రంగా ఉండాలి. అలాంటి దీపం ఆనాడు భూమ్మీద లేదు. 1960లో లేజరు వచ్చింది. 1961లో ప్రయోగం చేశారు. ముప్ఫై ఏళ్ళ కిందటి లెక్క నిజమని తేలింది! ఇవాళ సజీవ కణజాలం లోపలికి తొంగిచూసే సూక్ష్మదర్శినులు కొన్ని ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. ఈ రకం శోషణని కొలిచే ప్రమాణానికి శాస్త్రజ్ఞులు ఆమె పేరే పెట్టుకున్నారు.

అటక మీద గది

దంపతులు అమెరికా చేరారు. జోసెఫ్‌కి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. మరియాకి? భర్త పనిచేసే చోట భార్యకి ఉద్యోగం ఇవ్వకూడదని నియమం. బంధుప్రీతిని అరికట్టటానికి పెట్టిన నియమమట. మంచిదే కాబోలు. కాని దాని దెబ్బ తిన్నది ఎప్పుడూ భార్యలే. పైగా అవి ఆర్థికమాంద్యపు రోజులు. జర్మను భాషలో ఉత్తరాలు రాసిపెట్టే పనికి కాస్త సొమ్మూ, కూర్చోవటానికి అటక మీద ఒక గదీ ఇచ్చారు. అక్కడ కూర్చుని ఆమె పరిశోధన చేసింది, పాఠాలు చెప్పింది, పరిశోధక విద్యార్థులని తయారుచేసింది. వారిలో ఒకడి పేరు రాబర్ట్ సాక్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

1935లో ఆమె మరో చిత్రమైన లెక్క ప్రకటించింది. కేంద్రకంలో రెండు న్యూట్రానులు ఒకేసారి ప్రోటానులుగా మారగలవనీ, అది ఊహించలేనంత నెమ్మదిగా జరుగుతుందనీ దాని సారాంశం. ప్రయోగశాలలో దాన్ని కళ్ళారా చూడటానికి అర్ధశతాబ్ది పట్టింది.

1939లో కాపురం న్యూయార్కుకి, కొలంబియా విశ్వవిద్యాలయానికి మారింది. అక్కడా అంతే. కూర్చోవటానికి గది ఇచ్చారు, జీతం ఇవ్వలేదు. మొదటిసారిగా జీతమున్న ఉపాధ్యాయ ఉద్యోగం 1941 డిసెంబరులో సారా లారెన్స్ కాలేజీలో దొరికింది, అదీ పార్ట్ టైము. అంతలో యుద్ధం. అణుబాంబు తయారీకోసం యురేనియంలోని రెండు రకాలని వేరుచేసే పనిలో ఆమెని చేర్చుకున్నారు. కాంతి సహాయంతో వేరుచెయ్యవచ్చేమో చూడమన్నారు. ఆ దారి అప్పట్లో ఫలించలేదు. తన పని బాంబుకి ఉపయోగపడకపోవటం తన అదృష్టమేనని ఆమె తరువాత అనుకుంది.

1946లో షికాగో. ఇక్కడ ఆమెకి హోదా దొరికింది: జీతం లేని అసోసియేట్ ప్రొఫెసరు. అదే ఏడు ఊరి పక్కన ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల పెట్టారు. దాని సిద్ధాంత విభాగంలో పెద్ద ఎవరనుకున్నారు? ఒకప్పటి శిష్యుడు రాబర్ట్ సాక్స్! అతను గురువుగారిని పార్ట్ టైము ఉద్యోగానికి పిలిచాడు. "నాకు కేంద్రక భౌతికం ఏమీ రాదే" అన్నదట ఆమె. మెల్లిగా నేర్చుకోవచ్చు లెండి అని శిష్యుడు ధైర్యం చెప్పాడు.

తగరం ఎందుకు పది రకాలు?

ఎడ్వర్డ్ టెల్లర్ అప్పుడు మూలకాలు ఎలా పుట్టాయన్న ప్రశ్నతో తలపడుతున్నాడు. మరియాని తోడు రమ్మన్నాడు. ఏ మూలకం విశ్వంలో ఎంత ఉందో పట్టికలు వెయ్యాలి. పట్టికలు వేస్తూంటే ఆమె కంటికి ఒక తమాషా కనిపించింది. కొన్ని కేంద్రకాలు ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉన్నాయి. అలా ఎక్కువగా ఉన్నవాటిలో ప్రోటానులో న్యూట్రానులో సరిగ్గా 50 గాని, 82 గాని ఉంటున్నాయి.

టెల్లర్ వేరే పనుల్లోకి వెళ్ళిపోయాడు. మరియా వదలలేదు. ఎక్కడెక్కడి కొలతలో పోగుచేసింది. ఉదాహరణకి తగరాన్నే తీసుకోండి. ప్రోటానుల సంఖ్య అదే ఉండి న్యూట్రానుల సంఖ్య మారితే వాటిని ఐసోటోపులు అంటారని చదువుకున్నారు కదా. తగరానికి స్థిరమైన ఐసోటోపులు 10. మరే మూలకానికీ ఇన్ని లేవు. దానికి ఎడమ పక్కనున్న ఇండియానికి ప్రకృతిలో దొరికేవి రెండే. కుడి పక్కనున్న ఆంటిమొనికీ రెండే. మధ్యలో తగరానికి పది ఎందుకు? 50 ప్రోటానుల కేంద్రకం న్యూట్రానులు కొన్ని ఎక్కువైనా తక్కువైనా తట్టుకోగలుగుతోంది. అంత గట్టిది. అలాగే 50, 82, 126 న్యూట్రానులున్న కేంద్రకాలు ఇంకో న్యూట్రానుని ఇస్తామంటే సాధారణంగా ఇష్టపడవు. కడుపు నిండినవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

మీకు ఏమైనా స్ఫురిస్తోందా? హీలియం, నియాన్, ఆర్గాన్ లాంటి జడవాయువులు గుర్తుకొచ్చాయా? వాటిలో ఎలక్ట్రానుల సంఖ్యలు 2, 10, 18, 36, 54, 86. ఎలక్ట్రానులు కర్పరాలలో సర్దుకుంటాయి. కర్పరం నిండితే పరమాణువు ఎవరి జోలికీ పోదు. మరి కేంద్రకం లోపల కూడా కర్పరాలున్నాయా?

ఉన్నాయేమో అని 1930లలోనే వాల్టర్ ఎల్సాసర్ వంటి ఒకరిద్దరు అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. దానికి కారణం లేకపోలేదు. పరమాణువులో ఎలక్ట్రానులు తిరగటానికి బోలెడు ఖాళీ ఉంది, మధ్యలో కేంద్రకం రాజులా ఉంది. కేంద్రకం లోపల రాజూ లేడు, ఖాళీ లేదు. సంతరోజు జనంలా కణాలు కిక్కిరిసి ఉంటాయి. ఆ తొక్కిసలాటలో కక్ష్యలేమిటి? కేంద్రకం ఒక నీటిబొట్టులాంటిదని నీల్స్ బోర్ చెప్పాడు. యురేనియం చీలటాన్ని ఆ బొట్టు సిద్ధాంతం చక్కగా వివరించింది కూడా. అందుకే యూజీన్ విగ్నర్‌కి మరియా సంఖ్యలు వింతగా కనిపించి వాటిని "మేజిక్ సంఖ్యలు" అన్నాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

1948లో ఆమె సాక్ష్యాలన్నీ కూర్చి వ్యాసం ప్రకటించింది. సాక్ష్యాలు ఉన్నాయి. కారణం లేదు.

కారణం లేకపోవటం అంటే ఏమిటో పెన్సిలు తీసుకుంటే మీకే తెలుస్తుంది. గుండ్రని గిన్నెలాంటి బలక్షేత్రంలో కణాలు సర్దుకుంటే కర్పరాలలో ఉండే చోట్లు ఇలా వస్తాయి: 1×2, 2×3, 3×4, 4×5, 5×6, 6×7. అంటే 2, 6, 12, 20, 30, 42. వరుసగా కూడుకుంటూ పొండి. 2, 8, 20, 40, 70, 112. మొదటి మూడూ కుదిరాయి! తరువాత చెడింది. మనకి కావలసినవి 28, 50, 82, 126. గిన్నె ఆకారం మార్చి చూశారు, అడుగు చదును చేసి చూశారు. లాభం లేకపోయింది.

ఫెర్మి గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్న

ఒకరోజు మరియా గదిలో ఎన్రికో ఫెర్మి కూర్చుని ఈ చిక్కు గురించే మాట్లాడుతున్నాడు. దూరంనుంచి ఎవరో ఫోను చేశారని కబురొచ్చింది. ఫెర్మి లేచాడు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, స్పిన్‌కీ కక్ష్యకీ లంకె ఉన్న సూచనలేమైనా ఉన్నాయా అని అడిగి వెళ్ళిపోయాడు.

ఫెర్మి ఫోను ముగించుకుని తిరిగి వచ్చేసరికి మరియా మాటలు ఒకదానిమీద ఒకటి దొర్లిపోతున్నాయి. మొత్తం తేలిపోయింది!

ఏమిటీ లంకె? కోలాటం చూసే ఉంటారు. ఆడేవాళ్ళు వలయంగా తిరుగుతారు, తిరుగుతూ ఎవరికివారు గిర్రున తమచుట్టూ తామూ తిరుగుతారు. వలయం తిరిగే దిశలోనే మీరూ తిరిగితే ఒకలా ఉంటుంది, ఎదురు దిశలో తిరిగితే మరోలా ఉంటుంది. ఒకటి తేలిక, ఒకటి కష్టం. మరియా తన కూతురికి ఇదే సంగతి వాల్ట్‌జ్ నాట్యంతో పోల్చి చెప్పింది. కేంద్రకంలో ప్రోటాను గాని న్యూట్రాను గాని కక్ష్యలో తిరుగుతుంది, బొంగరంలా తనచుట్టూ తానూ తిరుగుతుంది. (నిజానికి అది బొంగరం కాదు, కాని ఈ పూటకి అలా అనుకుందాం.) రెండు దిశలూ ఒకటైతే శక్తి తక్కువ చాలు. ఎదురైతే ఎక్కువ కావాలి. అంటే ఒక మెట్టు రెండు మెట్లుగా చీలుతుంది. ఎలక్ట్రానుల విషయంలో ఈ చీలిక ఉందని అందరికీ తెలుసు. అది చాలా చిన్నది. కేంద్రకంలోనూ చిన్నదే అయి ఉంటుందని అందరూ వదిలేశారు. పెద్దదైతే? అదే మరియా వేసిన అడుగు.

ఇప్పుడు లెక్క చూడండి. కక్ష్యలో తిరుగుడు జోరు ఎక్కువయ్యేకొద్దీ చీలిక పెరుగుతుంది. అందుచేత పై కర్పరాలలో బాగా జోరుగా తిరిగే కణాల మెట్టు చీలి, అందులో కింది భాగం జారి దిగువ కర్పరంలో కలిసిపోతుంది. అలా జారే మెట్లలో ఉండే చోట్లు 8, 10, 12, 14. మొదటిది 20 మీద విడిగా నిలుస్తుంది: 20కి 8 కలిపితే 28. తరువాత 40కి 10 కలిపితే 50. 70కి 12 కలిపితే 82. 112కి 14 కలిపితే 126.

అంతే! నాలుగు కూడికలు. ఈ పాటి లెక్క మనమూ చేసి ఉండేవాళ్ళమే అనిపిస్తోందా? చెప్పాక ఏ పొడుపుకథైనా అంతే.

మరి సంతలోని తొక్కిసలాట మాటేమిటి? దానికీ జవాబుంది. రెండు కణాలు ఒకే చోట ఉండకూడదని పౌలీ నియమం. కింది చోట్లన్నీ నిండి ఉన్నాయి. ఢీకొన్న కణం పక్కకి తప్పుకోవాలంటే ఖాళీ చోటు లేదు. చోటు లేదు గనక ఢీకొనటమే లేదు. కిక్కిరిసి ఉండటంవల్లనే ఎవరి దారిన వారు తిరగగలుగుతున్నారన్నమాట! పొరలు పొరలుగా ఉన్న ఈ కేంద్రకాన్ని చూసి ఆ పౌలీయే మరియాకి "ఉల్లిపాయ మేరీమాత" అని బిరుదిచ్చాడు. పౌలీ నాలుక పదును అందరికీ తెలిసిందే.

సరిగ్గా అప్పుడే జర్మనీలో హాక్సెల్, యెన్సెన్, స్యూస్ అనే ముగ్గురు ఆమె సంగతి తెలియకుండానే ఇదే జవాబు కనిపెట్టారు. 1949 జూన్‌లో ఇద్దరి లేఖలూ "ఫిజికల్ రివ్యూ" పత్రికలో అచ్చయ్యాయి. మరియా మొదట ఉసూరుమంది. తరువాత ఆలోచిస్తే మంచిదే అనిపించింది. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్నవాళ్ళు ఒకటే మాట చెబితే నమ్మని లోకమూ నమ్ముతుంది కదా. 1950లో జర్మనీ వెళ్ళి యెన్సెన్‌ని కలుసుకుంది. పోటీదారు మిత్రుడయ్యాడు. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం 1955లో వచ్చింది.

జీతం వచ్చింది, జబ్బూ వచ్చింది

1960లో సాన్ డియేగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆమెని పూర్తి జీతంతో పూర్తి ప్రొఫెసరుగా తీసుకుంది. డాక్టరేటు వచ్చిన ముప్ఫై ఏళ్ళకి! అక్కడికి చేరిన కొద్దికాలానికే పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి సరిగా స్వాధీనంలో లేకుండా పోయింది. ఆమె పాఠాలు మానలేదు, పరిశోధన మానలేదు.

1963లో నోబెల్ బహుమానం. సగం విగ్నర్‌కి, మిగిలిన సగం మరియాకీ యెన్సెన్‌కీ కలిపి. చూశారా, "మేజిక్" అన్న ఆయనా, మేజిక్ ఏమీ లేదని తేల్చిన ఆమే ఒకే వేదిక ఎక్కారు. ఆ ఊరి పత్రిక ఒకటి ఈ వార్తకి పెట్టిన శీర్షికలో ఆమె పేరు లేదు, భౌతికశాస్త్రం మాటా లేదు. సాన్ డియేగో తల్లికి నోబెల్ బహుమానం అని ఉంది. ఆమెని అడిగితే బహుమానంలో కన్నా ఆ పని చేస్తున్నప్పుడు కలిగిన ఉత్సాహమే ఎక్కువని చెప్పింది.

1903లో మేడం క్యూరీ తరువాత భౌతికంలో ఈ బహుమానం అందుకున్న రెండో స్త్రీ మరియా. మూడో ఆమె కోసం 2018 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె డోనా స్ట్రిక్‌లాండ్, లేజరు శాస్త్రజ్ఞురాలు. తన డాక్టరేటు వ్యాసంలో ఆమె ఉదహరించినవారిలో మరియా కూడా ఉంది.

మరియా 1972 ఫిబ్రవరి 20న సాన్ డియేగోలో కన్నుమూసింది.

ఇక మొదట అడిగిన ప్రశ్న మిగిలింది. 126 తరువాత ఏమిటి? ఇప్పుడు మీరే చెప్పగలరు. 112 తరువాత కర్పరంలో చోట్లు 7×8, అంటే 56. కూడితే 168. జారే మెట్టులో చోట్లు 16. మొత్తం 184. అన్ని న్యూట్రానులున్న అతిభారమైన కేంద్రకాలు, పొరుగువాటికన్నా ఎక్కువ కాలం నిలుస్తాయని సిద్ధాంతజ్ఞుల అంచనా. ప్రయోగశాలలో 118వ మూలకం దాకా తయారుచేశారు. అది క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవదు. దానిలో న్యూట్రానులు 176. ఇంతవరకు చేసిన కేంద్రకాలలో అన్నిటికన్నా ఎక్కువ న్యూట్రానులున్నవాటిలో 177. ఇంకా ఏడు తక్కువ.